గొట్టం ఎవరు తీశారు?

శవం అలాగే ఉంది, తలుపు తాళమూ అలాగే ఉంది, నిన్న శవం గొంతులో ఉన్న గొట్టం మాత్రం లేదు.

జిల్లా ఆసుపత్రి శవాగారం డాక్టర్ బోలోత్ మూడోసారి దుప్పటి ఎత్తి చూశాడు, ఈసారైనా కనిపిస్తుందేమోనన్నట్టు.

"నిన్న సాయంత్రం ఐదింటికి తాళం వేశాను మేజర్ గారూ. అప్పుడుంది. ఇవాళ ఎనిమిదిన్నరకి తీశాను. లేదు."

"లేచి నడిచి వెళ్ళిపోయిందంటావా?" పోలీసు మేజర్ బూబుసారా శవం తలవైపు వంగింది.

చచ్చిపోయినతని పేరు మామ్‌బెత్. నలభై ఆరేళ్ళ బొగ్గు లారీ డ్రైవరు. నిన్న, మంగళవారం, మధ్యాహ్నం రెండు పదికి స్పృహ లేకుండా అత్యవసర విభాగానికి తెచ్చారు. ఊపిరి అందడం లేదు. రెండు పదిహేడుకి గొంతులో గొట్టం వేశారు. రెండు ముప్పై ఒకటికి గుండె ఆగింది. రెండు యాభై ఎనిమిదికి పోయాడని రాశారు. సాయంత్రానికల్లా డ్యూటీ డాక్టరు ఐజిరెక్ తనంతట తానే కాగితం రాసిచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. ‘గొట్టం నేనే వేశాను. ఊపిరి గొట్టంలోకి పోవలసింది అన్నం గొట్టంలోకి పోయింది. నేను గమనించలేదు.’

గొట్టం నిజంగా ఎక్కడికి పోయిందో శవపరీక్షలో తేలాలి. అందుకే చచ్చిపోయినవాడి గొంతులోంచి గొట్టం తియ్యకుండా శవాగారానికి పంపడం రూలు. ఇప్పుడు తేల్చుకోవడానికి గొట్టమే లేదు.

"గొట్టం లేకుండా చెప్పలేవా బోలోత్?"

"చెప్పలేను. పొట్టలో గాలి ఉందనుకోండి, బతికించాలని గుండె నొక్కినప్పుడు కూడా గాలి చేరుతుంది. కోర్టులో ఒక్క నిమిషం నిలవదు."

"కోర్టుదాకా ఎందుకులే," అని గుమ్మంలోంచి గొంతు వినపడింది.

ప్రాసిక్యూటర్ ఆఫీసు దర్యాప్తు అధికారి అర్‌స్తాన్. ముప్పై నాలుగేళ్ళు, ఇస్త్రీ నలగని కోటు. చేతిలో కాగితం ఆడిస్తూ లోపలికి వచ్చాడు.

"శవాన్ని కొయ్యొద్దని అన్నదమ్ములు సంతకాలు పెట్టారక్కా. వాళ్ళ పెరట్లో శవాన్ని ఉంచడానికి గుడారం లేపారు, ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టారు. పన్నెండింటికి శవాన్ని ఇచ్చేస్తున్నాను. రెండింటికి ఆ పిల్ల జడ్జి ముందు నిలబడుతుంది. ఐదేళ్ళకి తక్కువ పడదు. మీరింక ఇంటికెళ్ళి టీ తాగండి."

"దోషి నీ లాకప్‌లోనే ఉందిగా తమ్ముడూ?"

"నిన్న ఆరింటినించీ."

"మరి గొట్టాన్ని ఎవరెత్తుకుపోయారు? నీ లాకప్‌కి గానీ కిటికీ పెట్టించావా?"

అర్‌స్తాన్ మొహం ఎర్రబడింది. "ఏ ఆయానో శుభ్రం చేద్దామని తీసుంటుంది."

"తీసి, తాళం వేసి, తాళంచెవి మేకుకి తగిలించి, రిజిస్టర్లో రాయడం మరిచిపోయిందా? మంచి ఆయా. మా ఆఫీసుకి పంపించు."

"ఆయాలు కాకపోతే ఇంకెవరు? పొద్దున్న ఎనిమిదింటికి డాక్టర్లందరూ మీటింగు హాల్లోనే ఉన్నారు. అరెస్టు సంగతి చెప్పాలని నేనూ వెళ్ళాను. అగాయ్ వచ్చేదాకా పన్నెండు నిమిషాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం అందరం."

బూబుసారా తల ఎత్తలేదు. పన్నెండు నిమిషాలు అని మనసులోనే రాసుకుంది.

అగాయ్ అంటే గురువు. ఈ ఊళ్ళో ఆ మాట అన్నాక పేరు చెప్పక్కర్లేదు. అత్యవసర విభాగం పెద్ద ఎసెన్‌కుల్, అరవై ఎనిమిదేళ్ళాయన. ముప్పై ఒక్కేళ్ళుగా పొద్దున్న మీటింగు సరిగ్గా ఎనిమిదింటికి మొదలుపెడతాడు. పదకొండేళ్ళ క్రితం మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు, గొంతు వాచి నీలంగా తిరిగిపోయిన బూబుసారా కూతురి నోట్లోకి చీకట్లోనే రెండు వేళ్ళు పోనిచ్చి, తడుముకుంటూ గొట్టం వేసినవాడు ఆయనే. ఆ పిల్ల ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతోంది.

బూబుసారా టార్చి వెలిగించింది. శవం పై పళ్ళు చూసింది. గొట్టం వేసేటప్పుడు పెట్టే ఇనప బ్లేడు ఆనిన గీత ఎక్కడా లేదు. వెలుతురు వెనక దంతాల దగ్గరికి వెళ్ళి ఆగింది.

"బోలోత్, చిమటా."

విరిగిన దంతం సందులోంచి గోరంత నీలం రబ్బరు ముక్క వచ్చింది.

"గ్లవ్ ముక్క," అన్నాడు బోలోత్, మెల్లగా.

"అంత లోపలికి వేలు ఎందుకు పోతుంది?"

బోలోత్ సింకు దగ్గరికి వెళ్ళాడు. చిమటా కడగడం మొదలుపెట్టాడు. కడిగిందే కడుగుతున్నాడు.

"నీకు గొట్టం వెయ్యడం నేర్పిందెవరు?"

"అందరికీ నేర్పినాయనే, మేజర్ గారూ."

*

తొమ్మిదీ నలభై. అత్యవసర విభాగంలో సీనియర్ నర్సు కలీపా మందుల ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడింది. యాభై దాటిన మనిషి. రాత్రంతా ఏడ్చిందని కళ్ళు చెబుతున్నాయి.

"కండరాలు వదులయ్యే సూదిమందు, పెట్టెకి పది. ఎన్నున్నాయి?" అని అడిగింది బూబుసారా.

"పది."

"నిన్న వాడినట్టు కేసు కాగితంలో ఉంది."

కలీపా ఫ్రిజ్ మూసేసింది.

"లారింగోస్కోప్ బ్లేడ్లు చూపించు." నాలుక ఎత్తి గొంతులోకి వెలుతురు వేసే వంకర బ్లేడ్లు అవి. వేడి పెట్టి, కాగితంలో చుట్టి ఉంచుతారు. అయిదు పొట్లాలు. అయిదింటి మీదా సోమవారం తేదీ. ఒక్కటీ విప్పలేదు.

"అంటే నిన్న సూదీ వెయ్యలేదు, గొంతులోకీ చూడలేదు. గొట్టం మాత్రం వేశారు. ఐజిరెక్ ఎప్పుడూ అలాగే వేస్తుందా?"

"అయ్యో, అదా!" కలీపాకి ఉక్రోషం వచ్చింది. "ఒక్కొక్కరిదీ ఒక్కో చెయ్యి అమ్మా. తలాయ్ డాక్టరు తల కింద దిండు పెడతాడు. ఇంకొకాయన గొట్టంలో ముందు తీగ దూరుస్తాడు. ఐజిరెక్ రాజధాని బిష్కెక్‌లో నేర్చుకుంది, సూది పడి దవడ జారందే బ్లేడు ముట్టుకోదు. గొట్టం వేశాక ముందు పొట్టమీద వింటుంది, తరవాతే ఊపిరితిత్తులు. అగాయ్‌కి ఆ సూదంటే గిట్టదు. మనిషి తన ఊపిరి తను తీసుకుంటుండగానే వెయ్యాలంటారు. ఆయనకి బ్లేడు కూడా..."

ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"కెమెరా ఉన్న కొత్త పరికరం ఇచ్చారుగా పోయినేడు? అదెక్కడ?"

"అగాయ్ బీరువాలో. విరిగితే ఎవరు జవాబుదారీ అని తాళం వేశారు. పై నించి కమిషన్ వచ్చినప్పుడు తీసి చూపిస్తాం."

"నిన్న ఐజిరెక్ దాన్ని అడిగిందా?"

కలీపా కిటికీలోంచి బయటికి చూసింది. "అడిగింది."

"శవాగారం తాళంచెవి ఈ మేకుకే కదా తగిలిస్తారు? పొద్దున్న ఇక్కడ నువ్వే ఉన్నావు."

"అంబులెన్సు షెడ్డు చెవి తగిలించడానికి ఎనిమిదింటికి వచ్చాను. పక్క మేకు ఖాళీ. ఎనిమిదింబావుకి మళ్ళీ ఉంది." కలీపా మేకులకి వీపు తిప్పి నిలబడింది. "నన్నింకేం అడక్కండి మేజర్ గారూ. మా ఆయనకి ఊపిరి పోసింది ఆ చేతులే."

"మా అమ్మాయికి కూడా," అంది బూబుసారా.

*

పదీ నలభై. పాఠాల గదిలో బల్లమీద రబ్బరు బొమ్మ పడుకుని ఉంది. తల, మెడ, రెండు ఊపిరితిత్తుల సంచులు, కింద పొట్ట సంచి. లాకప్‌నించి తెచ్చిన ఐజిరెక్ దాని పక్కన నిలబడింది. మనిషి పొట్టి. చేతులు బడిపిల్ల చేతుల్లా ఉన్నాయి.

"నీ పద్ధతిలో వెయ్యి."

ఐజిరెక్ బ్లేడు పట్టుకుంది. పద్దెనిమిది సెకన్లు. ఊపిరితిత్తుల సంచులు రెండూ లేచాయి. చెయ్యి అలవాటుకొద్దీ స్టెతస్కోప్‌ని ముందు పొట్టమీదికే తీసుకుపోయింది.

"ఇప్పుడు బ్లేడు లేకుండా. వేళ్ళతో."

పిల్ల ఉలిక్కిపడింది. రెండు వేళ్ళు బొమ్మ నోట్లో పెట్టింది. వేలి కొస నాలుక మొదలు దగ్గరే ఆగిపోయింది. తోసింది. ఇంకా తోసింది. అందలేదు.

"నీ వేళ్ళు చేరవు. మరి మామ్‌బెత్ వెనక దంతాల్లో గ్లవ్ ముక్క ఎవరిది?"

"నాదే."

"అబద్ధం చెప్పడం కూడా బిష్కెక్‌లోనే నేర్పారా? సరిగ్గా నేర్పలేదు."

"కాగితం రాసిచ్చాను కదక్కా. వదిలెయ్యండి."

"అందులో ఒక్క ముక్కైనా నిజం ఉందా?"

ఐజిరెక్ బల్ల అంచు పట్టుకుంది. "గమనించలేదని రాశాను. అది పెద్ద అబద్ధం. గమనించాను. రెండు పద్దెనిమిదికి పొట్టమీద స్టెతస్కోప్ పెడితే బుడబుడమంది. తలెత్తి ఆయన మొహంలోకి చూశాను. ‘ఊపిరితిత్తులు బాగున్నాయి’ అన్నారు. నేను తల దించుకున్నాను. అంతసేపూ నా చేత్తోనే గాలి సంచి నొక్కాను, ఆ మనిషి పొట్టలోకి. గొట్టం ఎవరు వేస్తే ఏంటక్కా? నాకు తెలుసు. నోరు తెరవలేదు. జైలు నాకే కావాలి."

"ఆయన అంటే ఎవరు?"

ఐజిరెక్ స్టెతస్కోప్ మడిచి బల్లమీద పెట్టింది.

"పేరు చెబితే జడ్జి వింటాడు. నీకు పెళ్ళి కుదిరిందని విన్నాను."

"పొద్దున్న మా అమ్మ లాకప్‌కి వచ్చింది. ‘గురువు పేరు బయటపెట్టావంటే గుమ్మం ఎక్కొద్దు’ అంది. పెళ్ళివాళ్ళు నిన్ననే కబురు చేశారు, వద్దని." ఐజిరెక్ నవ్వబోయింది. రాలేదు. "ఇటైనా అంతే, అటైనా అంతే."

"మరి శవంలోంచి గొట్టం తియ్యొద్దంది నువ్వేనట. ఎందుకు?"

"రూలు కదా," అంది ఐజిరెక్, నేల చూపులు చూస్తూ.

*

పదకొండూ ఇరవై. ఎసెన్‌కుల్ అగాయ్ తెల్ల టోపీ చేత్తో పట్టుకుని పాఠాల గదిలోకి వచ్చాడు. వెనకే అర్‌స్తాన్, గడియారం చూసుకుంటూ. కలీపా, ఐజిరెక్ గోడవారగా నిలబడ్డారు.

"బూబూ, అమ్మాయి బాగుందా? పాఠాలు చెబుతోందటగా!" అగాయ్ బల్లమీది కెటిల్ అందుకుని పెద్దవాడి హోదాలో తనే అందరికీ టీ పోశాడు. చక్కెర గిన్నె తోసేశాడు. "నాకొద్దు. పదేళ్ళయింది దానితో తెగతెంపులు చేసుకుని."

రెండో టీ గిన్నె నిండి పొంగింది. పొగలు కక్కే టీ ఆయన నడిమి వేలిమీద నించి జారి బల్లమీద పడింది. ఆ వేలికి ప్లాస్టర్ ఉంది. ఆయన చెయ్యి కదల్లేదు. పోస్తూనే ఉన్నాడు.

"చాలు అగాయ్," అని బూబుసారా గిన్నె పక్కకి జరిపింది. "వేలికి ఏమైంది?"

"ఏమో. నిన్న ఇంటికెళ్ళాక మా ఆవిడ చెప్పింది, రక్తం కారుతోందని."

"అక్కా, మనకి నలభై నిమిషాలే ఉన్నాయి," అన్నాడు అర్‌స్తాన్. "ముసలాయన్ని ఎందుకు పిలిపించారు? ఇది మర్యాదేనా?"

"సరైన పద్ధతేంటో మధ్యాహ్నం జడ్జి నిన్నే అడుగుతాడు. నేర్పినాయన చూపిస్తుంటే కళ్ళారా చూడు." ఆమె లారింగోస్కోప్ అగాయ్ చేతికిచ్చింది. "మీరు ఒక్కసారి వెయ్యండి అగాయ్. ఈ పిల్ల ఎక్కడ తప్పు చేసిందో మాకు అర్థం కావాలి."

అగాయ్ చిన్నగా నవ్వాడు. "ఈ బొమ్మకి రెండుసార్లు పళ్ళు మార్పించాను. దీనికి నేనంటే భయం." బ్లేడు విప్పి బొమ్మ నోట్లో పెట్టి, పైకెత్తి, వంగి చూశాడు.

"ఏం కనిపిస్తోంది?"

"స్వరతంత్రులు. రెండూ తెల్లగా, కళ్ళెం వారుల్లా ఎడంగా ఉన్నాయి."

"వెలుతురు సరిపోయిందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

బూబుసారా గుప్పిట తెరిచి అర్‌స్తాన్ మొహం ముందు పెట్టింది. అరచేతిలో లారింగోస్కోప్ బ్యాటరీలు రెండున్నాయి.

అర్‌స్తాన్ బ్యాటరీల్ని చూశాడు. వంగి ఉన్న ముసలాయన్ని చూశాడు. గడియారం ఉన్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

అగాయ్ బ్లేడు పక్కన పెట్టేశాడు. ఎడమచేతి రెండు వేళ్ళు బొమ్మ గొంతులోకి పోనిచ్చాడు. గొట్టం జారింది. కట్టు పడింది. "సంచి నొక్కు," అన్నాడు. కలీపా నొక్కింది. ఊపిరితిత్తుల సంచులు కదల్లేదు. పొట్ట సంచి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

అగాయ్ బొమ్మ ఛాతీమీద స్టెతస్కోప్ పెట్టాడు. "ఊపిరితిత్తులు బాగున్నాయి," అన్నాడు.

ఐజిరెక్ గోడవైపు తిరిగిపోయింది. కలీపా నొక్కుతూనే ఉంది, కళ్ళు మూసుకుని. ఒకటి, రెండు, మూడు...

"అగాయ్." ఆ గొంతు అర్‌స్తాన్‌ది. "పొట్ట లేస్తోంది అగాయ్."

ఆ ఆసుపత్రిలో ఆ మాట ఆయనతో అన్న మొదటి మనిషి అతనే. డాక్టరు కాదు కాబట్టి అనగలిగాడు.

అగాయ్ స్టెతస్కోప్ తీసి మెడలో వేసుకోబోయి, బల్లమీద పెట్టాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి బూబుసారాకి అందించాడు.

"మూలనున్న బీరువా. నువ్వే తియ్యి బూబూ. నాకు కన్నం చప్పున దొరకదు."

పై అరలో కెమెరా పరికరం ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా ఉంది. దాని పక్కనే రుమాల్లో చుట్టిన గొట్టం, కట్టు గుడ్డతో సహా. అర్‌స్తాన్ దాన్ని చూశాడే గానీ ముట్టుకోలేదు. కింద వరండాలో మామ్‌బెత్ అన్నదమ్ములు వచ్చి నిలబడ్డ అలికిడి వినిపిస్తోంది. పన్నెండుకి పావుగంట ఉంది.

"చెప్పండి అగాయ్," అంది బూబుసారా.

ఎసెన్‌కుల్ కుర్చీ కోసం తడిమి, కూర్చున్నాడు. టోపీ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు.

"కళ్ళు పోయి మూడేళ్ళయింది. మసగ్గా ఆకారాలు తెలుస్తాయి, అంతే. చక్కెర జబ్బు. కళ్ళు పోతే పోయాయి, వేళ్ళున్నాయి కదా అనుకున్నాను. చీకట్లో మీ అమ్మాయికి వేసింది ఈ వేళ్ళతోనే. పోయిన చలికాలంలో వేళ్ళు కూడా మొద్దుబారాయి. ఎవరికీ చెప్పలేదు. నిన్న ఈ పిల్ల బ్లేడు పొట్లం చేతిలోకి తీసుకుంది. సూది వేస్తానంది, బీరువాలో పరికరం ఇమ్మంది. ‘తప్పుకో అమ్మాయ్’ అన్నాను. తప్పుకుంది. వాడు దవడ బిగించాడు, నా వేలు కొరికాడు. నాకు తెలీను కూడా తెలీలేదు. గొట్టం ఎటు పోయిందో తెలీలేదు. కానీ నిమిషం తిరక్కుండానే తెలిసింది, బూబూ. కళ్ళు లేకపోయినా చెవులున్నాయి. పొట్ట చప్పుడు విన్నాను. ఈ పిల్ల చెయ్యి ఆగడం విన్నాను. తీసి మళ్ళీ వెయ్యమంటే చాలు, ఇరవై సెకన్ల పని, వాడు బతికేవాడు. అందరూ నాకేసి చూస్తున్నారు. తీస్తే తప్పానని తెలుస్తుంది. తెలిస్తే రేపు నన్ను రానివ్వరు. అందుకని ‘బాగున్నాయి’ అన్నాను. వాళ్ళు నమ్మలేదు. నమ్మకుండానే ఊరుకున్నారు. అలా ఊరుకోవడం కూడా నేను నేర్పిందే.

కాగితంలో ఒకటే పేరు రాసుకో అర్‌స్తాన్. రాసేటప్పుడు ఇదీ రాసుకో. వీడు నాలుగోవాడు. మార్చిలో ఒక ముసలమ్మ, మేలో బడి కాపలావాడు, ఆగస్టులో గుర్రంమీంచి పడ్డ మనిషి. ముగ్గురికీ ప్రాణం పోగానే గొట్టం నేనే తీసేశాను. అగాయ్‌కి శవమన్నా ఎంత గౌరవమో చూడండని నర్సులు చెప్పుకున్నారు. కొయ్యకుండానే మట్టి చేశారు ముగ్గుర్నీ. నిన్న కూడా తియ్యబోయాను. ఈ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ‘తియ్యకూడదు అగాయ్, రూలు కదా’ అంది. ఏడుస్తూనే అంది. ఆ రూలు దానికి నేర్పింది నేనే."